ప్రభువు బల్ల కింద నేను పెట్టిన ఖాళీ సీసా

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. రెండేండ్ల కిందట ఇదే పత్రికలో నా సాక్ష్యం అచ్చయింది. ఛాతీ మంటతో చావుకు దగ్గరైన నన్ను దేవుడు మందూ మాకూ లేకుండా ముట్టి బాగుచేశాడని అందులో ఉంది. బాగుచేసింది దేవుడే, ఆ మాట అప్పుడూ నిజం, ఇప్పుడూ నిజం. మందు లేకుండా అన్నది మాత్రం నిజం కాదు. నేను మందు తాగాను, ఒక సీసా కాదు, మూడు సీసాలు తాగాను. దాంతోపాటు ఇంకొక సంగతి కూడా మింగేశాను. అప్పుడు నా నోట్లో తంబాకు ఉండేది. మందు సంగతి చెప్పకపోవడం వల్ల ఒక మంచి మనిషి ప్రాణం మీదికి వచ్చింది గనుక, చెప్పకుండా వదిలినవాటిని ఇప్పుడు చెప్పి, దేవునికి రావలసిన మహిమను ఆయనకే సరిగా అప్పజెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా పేరు యాకోబు. బాప్తిస్మం పొందకముందు ఓదెలు, గనిలో ఇప్పటికీ ఓదెలే. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. నైజాం ప్రభుత్వం పోయిన తరువాత రెండు మూడేండ్లకు వానలు ముఖం చాటేస్తే, నేనూ నా భార్య రూతూ బట్టల మూట పట్టుకొని బెల్లంపల్లి వచ్చాము, నాకు బొగ్గు నింపే పని దొరికింది. పేల్చిన బొగ్గు పెళ్ళలను తట్టలోకి ఎత్తి, తట్టను నెత్తికెత్తుకొని, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బులో పోయడమే పని. వంగడం, లేవడం, మళ్ళీ వంగడం! గనిలో మనిషి నిలబడి ఉండేదెంతసేపు, వంగి ఉండేదెంతసేపు అని ఎవరైనా అడిగితే, నిలబడింది గుర్తే లేదని చెప్పాలి.

తలమీద దీపం ఉంటుంది, ఆ దీపానికి కావలసిన బ్యాటరీ నడుముకు పట్టీతో కట్టుకోవాలి. అది చూడడానికి చిన్నదే గాని బరువు తక్కువది కాదు. వంగినప్పుడల్లా జారి పక్కకు వేలాడుతుంది. అందుకని నేను పట్టీని అందరికంటే ఒక రంధ్రం ఎక్కువ బిగించేవాణ్ణి, ఇంకా జారితే ఇంకొకటి. మధ్యాహ్నం బొగ్గు దిమ్మె మీద కూర్చొని జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కడుపునిండా తిని, నీళ్ళు తాగి, మూతి తుడుచుకోకముందే మళ్ళీ వంగేవాణ్ణి. గనిలో బీడీ ముట్టించడం నేరం, నిప్పు రవ్వ చాలు అందరం పోవడానికి. కాబట్టి చాలామందిలాగే నేనూ సున్నం కలిపిన తంబాకు దవడలో పెట్టుకునేవాణ్ణి. ఆదివారం ప్రార్థన మందిరంలో పాట ఎత్తేది నేనే, సోమవారం దవడలో తంబాకు పెట్టేదీ నేనే!

అట్లా ఐదారేండ్లు గడిచేసరికి మంట మొదలైంది సహోదరులారా. రొమ్ము ఎముక వెనక నుంచి గొంతు దాకా ఎవరో సున్నం నీళ్ళు పోసినట్టు మండేది. వంగితే త్రేన్పులతో పుల్లని నీళ్ళు నోట్లోకి వచ్చేవి, పడుకుంటే గొంతులోకి ఎక్కి దగ్గు వచ్చేది. పొద్దున గొంతు బొంగురు, పాట ఎత్తితే కప్ప అరిచినట్టు ఉండేది. తోటి పనివాళ్ళు ఊరుకుంటారా! "ఓదెలన్నా, నీ తేపులకు దీపాలు ఆరిపోతయే, జర అటు మొగం పెట్టుకో" అని ఒకడు, "గది తేపు గాదురా, పని అయిపోయిందని సైరన్ కూత" అని ఇంకొకడు. అందరిలో గట్టివాడు, టబ్బులు నెట్టేవాడు, మా సంఘంవాడే, రాజమల్లు అనే తమ్ముడు మాత్రం ఎగతాళి చేయకుండా పక్కన కూర్చొని, నిజంగానే పరేషాన్ అయ్యి చెప్పాడు.

"అన్నా, నవ్వకు. నీ బ్యాటరీల ఆసిడ్ ఉన్నది సూడు, గది కారి బట్టల నుంచి నీ కడుపులకు దిగుతున్నది. నాకు గూడ గిట్లనే మండుతున్నది."

మీరు నవ్వుతారేమో, నేను మాత్రం నమ్మాను! బ్యాటరీలో ఆసిడ్ ఉంటుందనీ, అది తగిలితే బట్ట చిరుగుతుందనీ మా అందరికీ తెలుసు. కడుపు మాత్రం ఎంత! అందుకని తువ్వాలును నాలుగు మడతలు పెట్టి పట్టీకీ కడుపుకీ మధ్య దోపి, అది జారకుండా పట్టీని ఇంకా బిగించాను. మంట రెట్టింపైంది. బ్యాటరీ మరీ కారుతున్నదని తువ్వాలుకు ఇంకో మడత పెట్టాను!

ఇంట్లో వంటసోడా డబ్బా ఖాళీ అవుతూ ఉండేది. చెంచాడు సోడా నీళ్ళలో కలిపి తాగితే ఒక గడియ హాయిగా ఉండేది, తరువాత మళ్ళీ మొదటికి. రూతు డబ్బా తిప్పి చూపించి, "గింత సోడా మింగితె నువ్వు మనిషివి గావు, మిర్చి బజ్జివైతవ్" అనేది. ఆమె నోరు అట్లా అన్నా కళ్ళు భయపడేవి. నాకూ భయమే. ఒక్కోసారి రొమ్ములో నొప్పి పట్టేస్తే, గుండె ఆగిపోతున్నదేమో, ముగ్గురు పిల్లలు ఏమైపోతారో అనుకునేవాణ్ణి. చివరకు ఒకరోజు పని నుంచి వచ్చి, బొగ్గు మసి కడుక్కోకుండానే గడపలో మోకరించి ఇట్లా ప్రార్థించాను.

"యోనాను చేప కడుపులో కాపాడిన దేవా, నా కడుపుల ఏమున్నదో నాకు తెల్వదు, అది నన్నే మింగుతున్నది. పిల్లలు చిన్నోళ్ళు తండ్రీ. నా బలం ఒడిసింది. నాకు తొవ్వ చూపియ్యి."

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే రూతు నా చెప్పులు పట్టుకొని నిలబడి ఉంది! "తొవ్వ అడిగినవ్ గదా, ఇగ చెప్పులు తొడుగు" అంది. ప్రార్థనకు అంత తొందరగా జవాబు రావడం నేను అంతకుముందు చూడలేదు.

గోదావరి అవతల, కరీంనగర్ వైపు ఒక మిషను ఆసుపత్రి ఉందని ఆమె ఎప్పుడో విని పెట్టుకుంది. సంఘంలో మాత్రం చుట్టాలింట్లో పెండ్లి ఉందని చెప్పి రైలెక్కాము. అబద్ధం అక్కడే మొదలైంది చూడండి. పాట ఎత్తే మనిషి ఆసుపత్రికి పోయాడంటే విశ్వాసం తక్కువని అనుకుంటారని నా సిగ్గు.

అక్కడి డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మాటలో తేనె, చూపులో సూది. నా బ్యాటరీ కథంతా విని నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నం చేసింది, కుదరలేదు. పనిలో ఎట్లా నిలబడతావో చూపించమంటే, తువ్వాలు మడిచి నడుముకు బిగించి వంగి చూపించాను.

"ఏమండీ, అది పొట్టా, బియ్యం మూటా? ఎవరు అంత గట్టిగా కట్టమన్నారు?" అంది. తరువాత కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఆ ఆసిడ్ బ్యాటరీలోది కాదు, మీదే. తిన్నది అరగడానికి దేవుడే మీ పొట్టలో పెట్టాడు. పొట్టకు దాన్ని తట్టుకునే పొర ఉంది, పైన అన్నం దిగే గొట్టానికి అంత లేదు. రెంటికీ మధ్య ఒక కండరం ఉంటుంది, మింగినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది. మీరు కడుపునిండా తిని, పట్టీతో నొక్కి, తలకిందులుగా వంగితే అది ఏం ఆగుతుంది పాపం?"

నాకు వెంటనే అర్థమైంది. గనిలో గాలి తలుపులు ఉంటాయి, గాలి ఏ దారిన పోవాలో ఆ దారినే పోవడానికి. తలుపు వదులైతే గాలి వెనక్కి తంతుంది. నా కడుపు మీద ఉన్నదీ గాలి తలుపే, నేనే దాన్ని రోజూ గుద్ది వదులు చేశాను!

"పొగాకు అలవాటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా" అన్నాను.

"పంచె మడతల సూడుండ్రమ్మా" అంది రూతు.

ఏం చేస్తాను, డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని తీసి సొరుగులో వేసుకుంది, మళ్ళీ ఇవ్వలేదు. పొగాకు ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తుందని చెప్పింది. ఒకేసారి కడుపునిండా కాక కొంచెం కొంచెంగా తినమంది, తిన్నాక కాసేపు వంగే పని చేయవద్దంది, రాత్రి తిన్న రెండు మూడు గంటల దాకా పడుకోవద్దంది, మంచానికి తల వైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టమంది. కారం తిన్నప్పుడు మంట ఎక్కువైతే కారం తగ్గించు, చాయ తాగితే ఎక్కువైతే చాయ తగ్గించు, ఎవరి కడుపు సంగతి వాళ్ళకే తెలుస్తుందంది. సోడా మాత్రం గుప్పెళ్ళు మింగవద్దంది. సుద్ద నీళ్ళలాంటి తెల్లమందు మూడు సీసాలు ఇచ్చింది.

వచ్చేముందు ఆమె చెప్పిన ఇంకొక మాట నా చెవుల్లో ఈ రోజుకీ ఉంది. ఎప్పుడో ఒకసారి తిన్నది పడక మండడం వేరు, అది అందరికీ ఉంటుంది. వారంలో రెండు మూడు సార్లు, నెలల తరబడి మండితే మాత్రం చూపించుకోవాలి. మింగిన ముద్ద రొమ్ములో ఆగినట్టున్నా, ఏ కారణం లేకుండా మనిషి చిక్కిపోతున్నా, వాంతిలో రక్తం గాని కాఫీ పొడి లాంటిది గాని కనబడినా, విరేచనం తారులాగా నల్లగా వచ్చినా ఒక్కరోజు ఆగవద్దు. రొమ్ము పట్టేసినట్టు నొప్పి వచ్చి చేతికో దవడకో పాకి, చెమట పట్టి ఊపిరాడకపోతే అది మంట అనుకొని సోడా తాగుతూ కూర్చోవద్దు, అది గుండె కావచ్చు, ఉన్నపళంగా పరుగెత్తాలి. ఇదంతా రూతుతో రెండుసార్లు అప్పజెప్పించుకుంది. నేనూ విన్నాను. నేను విన్నాను, నాకు తెలుసు అన్న సంగతి మీరు గుర్తుంచుకోండి.

ఇంటికి వచ్చి అన్నీ చేశాను. పట్టీ రెండు రంధ్రాలు వదులు చేసి, బ్యాటరీ జారకుండా భుజం మీది నుంచి ఒక తాడు వేశాను. మంచం తల వైపు పైకి లేస్తే పక్కింటివాళ్ళు అడిగారు, "ఏందే రూతూ, మీ మంచం కొండెక్కుతున్నది?" అని. "మా ఆయన పరలోకానికి జర దగ్గర పడుకుంటడట" అని చెప్పింది నా భార్య. రెండు నెలలు, మూడు సీసాలు. మంట పోయింది, దగ్గు పోయింది, గొంతు తిరిగి వచ్చింది. తంబాకు ఊసేశాను. ఎంత సంతోషం సహోదరులారా, జొన్నరొట్టె తిని హాయిగా ఒక పాట పాడుకోగలిగిన మనిషికి ఇంకేం కావాలి!

ఇప్పుడు నా పాపం దగ్గరికి వస్తున్నాను. మా ప్రార్థన మందిరంలో సాక్ష్యం చెప్పేటప్పుడు మందు పేరు ఎత్తకూడదని ఎవరూ రాసి పెట్టలేదు గాని, ఎత్తితే బాగుండదు. ఎవరైనా "బిళ్ళ వేసుకున్నాను, దేవుడు తగ్గించాడు" అన్నారంటే వెనక బెంచీలోని పెద్దాయన దావీదు తాత, "బిళ్ళకింత, కంపౌండరుకింత పోంగ దేవునికేం మిగిలె?" అని అందరికీ వినబడేటట్టు గొణుగుతాడు. మంచి మనిషే, దేవుని మహిమ మీద అంత రోషం. నేను కూడా దేవునికి అంతా మిగలాలనే అనుకున్నాను, అట్లా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అసలు సంగతి, నా పేరు నిలవాలి.

ఆ ఆదివారం మూడో సీసాను శుభ్రంగా కడిగి, చేత పట్టుకొని ముందుకు పోయాను. నా బాధ చెప్పాను, ప్రార్థన చెప్పాను, "దేవుడు నన్ను ముట్టిండు, ఇగ దీనితోటి నాకు పని లేదు" అని ఆ సీసాను, సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల కింద పెట్టాను. చూడండి, అన్ని మాటలూ నిజమే! అన్నీ కలిపితే మాత్రం అబద్ధం. ముందు వరుసలో డోలక్ ముందర పెట్టుకొని కూర్చున్న రాజమల్లు కళ్ళనిండా నీళ్ళతో అడిగాడు.

"మందంత పారబోసినవా అన్నా?"

లేదు తమ్మీ, తాగిన అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను రెండు చేతులూ పైకెత్తి, "దేవునికే మహిమ!" అన్నాను. సభ అంతా "ఆమెన్!" అని మోగింది. ఆయన నామాన్ని తెరలాగా అడ్డం పెట్టుకొని దాని వెనక దాక్కున్నాను సహోదరులారా. ఆ తరువాత మా పాస్టరు అయ్యగారు అదంతా సంతోషంగా రాసి ఈ పత్రికకు పంపారు. ఆయన తప్పు లేదు, నేను చెప్పిందే ఆయన రాశారు.

మరుసటి వారం నుంచి బల్ల కిందికి సీసాలు రావడం మొదలైంది. ఒకామె దగ్గు మందు తెచ్చింది, ఒకాయన మోకాళ్ళ నొప్పుల తైలం తెచ్చాడు, బట్టతల మేస్త్రీ ఒకడు వెంట్రుకల నూనె తెచ్చి పెట్టాడు, అది మాత్రం పనిచేయదని మాకందరికీ కనబడుతూనే ఉంది. నవ్వుకున్నాను కూడా. రాజమల్లు తన సీసా తెచ్చిన రోజు నవ్వు ఆగిపోయింది. కంపెనీ దవాఖానాలో ఇచ్చిన తెల్లమందు, మూత కూడా విప్పలేదు, నిండుగా ఉంది. దాన్ని నా ఖాళీ సీసా పక్కన పెట్టి, నావైపు చూసి చిన్నపిల్లవాడిలాగా నవ్వాడు. అప్పుడైనా చెప్పాలి. వచ్చే ఆదివారం చెబుదాం అనుకున్నాను. ఆ వచ్చే ఆదివారం ఆరు నెలలు రాలేదు.

ముందు అతడు రొట్టె ముక్కలను నీళ్ళలో నానబెట్టుకొని తినడం చూశాను. తరువాత రొట్టె మానేసి మెత్తగా ఉడికిన జొన్న గటక, గటక మానేసి గంజి. టబ్బును ఒక్క భుజంతో నెట్టేవాడు రెండు చేతులతో నెట్టలేక ఆగేవాడు. అంగీ అతని మీద ఆరవేసినట్టు ఉండేది. డాక్టరమ్మ రూతు చేత అప్పజెప్పించుకున్న గుర్తులు ఒకటొకటిగా నా కళ్ళముందు నడుస్తున్నాయి, నేను "ప్రార్థన చేస్తున్న తమ్మీ" అంటున్నాను. రూతు ఇంట్లో నన్ను నిలదీసేది. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అనేది. రేపు, రేపు అని ఆమె నోరు మూయించేవాణ్ణి.

ఒక సాయంత్రం అతని భార్య మార్త మా ఇంటికి వచ్చింది. నోరున్న మనిషి, నీళ్ళ నల్లా దగ్గర ఆమెతో గెలిచినవాళ్ళు లేరు. ఆ రోజు గడప దగ్గర తల వంచుకొని నిలబడింది.

"అన్నా, నువ్వు దేవున్ని ఏ మాటలతోటి అడిగినవో గవే నాకు నేర్పియ్యి. నేను అడిగితె ఇంటలేడు."

ఇంతకంటే కఠినమైన మాట నా జీవితంలో ఎవరూ అనలేదు. నేను నా ప్రార్థన నేర్పాను! యోనాను చేప కడుపులో కాపాడిన దేవా అని, ఆమె నా వెంట పలికింది. రూతు చెప్పులు తెచ్చిన సంగతి తప్ప అన్నీ చెప్పాను.

ఆ నెల ప్రభువు సంస్కారం రోజున అయ్యగారు రొట్టె విరిచి ఇచ్చారు. వేలి గోరంత ముక్క. రాజమల్లు నోట్లో పెట్టుకున్నాడు, మింగాడు, అది దిగలేదు. ముఖం నల్లబడింది, రొమ్ము మీద చేయి కొట్టుకున్నాడు, దగ్గి దగ్గి ఆ ముక్కను చేతిలోకి ఉమ్మేశాడు. ఆ చేతిని అట్లాగే పట్టుకొని ఆ పొడుగాటి మనిషి బయటికి పోయాడు. వెనకే నేను పోయాను. గోడ పక్కన కూర్చొని ఏడుస్తున్నాడు.

"ప్రభువు నన్ను ఒద్దంటుండన్నా. ఆయన శరీరం నా గొంతుల దిగుతలే. నాల విశ్వాసం లేదు. నాకు దొడ్డికి గూడ నల్లగ పోతున్నది అన్నా, లోపల కుళ్ళిపోయినట్టున్న, మార్తకు చెప్పలే."

సహోదరులారా, నా పేరు నిలబెట్టుకోవడానికి నేను ఒక మనిషిని ప్రభువు బల్ల దగ్గరి నుంచి వెళ్ళగొట్టాను! అతని ముందు నేల మీద కూర్చున్నాను.

"తమ్మీ, నేను మందు పారబోయలే. తాగిన. మూడు సీసలు తాగిన. డాక్టరమ్మ దగ్గరికి పోయిన, పెండ్లికి గాదు. ప్రభువు నిన్ను ఒద్దంటలేడు, నీ గొంతుల పుండైంది, గంతే. నల్లగ పోతె ఒక్కరోజు ఆగొద్దని డాక్టరమ్మ నాకు చెప్పింది. లే, మనం పోదాం."

అతడు తలెత్తి నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "తాగినవా?" అన్నాడు. "తాగిన." "మంచిగుంటదా?" "సుద్ద లెక్కుంటది." కన్నీళ్ళ మధ్య ఆ మనిషి నవ్వాడు, "మరి గా ముచ్చట ముందుగాల చెప్తె నీ ముల్లె ఏం పోతుండె?" అన్నాడు. ఆ నవ్వు నన్ను కొట్టినట్టు ఏ చేయీ కొట్టలేదు.

అదే రోజు రైలెక్కాము, నేను, రాజమల్లు, మార్త. ఆమెకు దారిలోనే అంతా చెప్పాను. రైలు గోదావరి వంతెన దాటింది. ఆమె కిటికీ వైపు చూస్తూనే అంది.

"ఆరు నెలలు మోకాళ్ళ మీద ఉన్న. నా పాపమే అడ్డమొస్తున్నదని, పుట్టినప్పటి సంది చేసినయన్ని ఏరుకొని ఏరుకొని ఒప్పుకున్న. చిన్నప్పుడు పక్కింట్ల కోడిగుడ్డు తీసింది గూడ ఒప్పుకున్న. గా గుడ్డు తోటి నా పెనిమిటి గొంతు పట్టిందనుకున్న. గిప్పుడు నువ్వు రైలుల చెప్తున్నవా? ఏడ నిలబడి, ఏ నోటితోటి చెప్పినవో, గాడనే చెప్పు. అప్పటిదాక నన్ను చెల్లె అనకు."

డాక్టరమ్మ అతన్ని పరీక్ష చేసి, సుద్ద నీళ్ళ లాంటివి తాగించి ఎక్స్‌రే తీయించింది. ఏండ్ల తరబడి ఆసిడ్ ఎగదన్ని అన్నం గొట్టం కాలి పుండై రక్తం కారుతున్నదనీ, పుండు మానిన చోట గొట్టం సన్నగా బిగుసుకుపోయిందనీ చెప్పింది. అందరం భయపడిన పెద్ద జబ్బు, క్యాన్సరు మాత్రం కాదని తేలినప్పుడు మార్త అక్కడే నేల మీద కూర్చొని ఏడ్చింది. ఇంకా ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనని డాక్టరమ్మ నావైపు చూస్తూ అంది. నేను ఆమెకు కూడా అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అంది: "యాకోబు గారూ, నేను ఈ చేతులు కడుక్కునే ప్రతిసారీ ప్రార్థన చేస్తాను. ఆయన ఈ చేతులతో కూడా పని చేయిస్తాడంటే మీకు అభ్యంతరం ఏమిటి?"

రక్తం ఎక్కించారు, మందులిచ్చారు, పుండు కొంచెం మానాక సన్నని రబ్బరు గొట్టం మింగించారు, తరువాత వారం దానికంటే లావుది, ఆ తరువాత ఇంకా లావుది. రాజమల్లుకు గొట్టాలన్నీ లెక్కే. "అన్నా, ఇయ్యాల వేలంత లావుది మింగిన, ఇంకో నెలకు టబ్బును మింగుత" అని కబురు పంపాడు. మొదటిసారి మెత్తని అన్నం ముద్ద ఆగకుండా దిగిన రోజు పక్క మంచాలవాళ్ళు చప్పట్లు కొట్టారట! దేవుడు ఎంత మంచివాడు సహోదరులారా! నా అబద్ధం ఎంత లోతుగా తవ్వినా ఆయన దయ ఇంకా కింద నుంచి పట్టుకుంది. ఇప్పుడు రాజమల్లు పనిలో ఉన్నాడు, మందు వేళకు తాగుతాడు, తిన్నాక కాసేపు గోడకు ఆనుకొని కూర్చుంటాడు. మేస్త్రీ కేకలు వేస్తే, "డాక్టరమ్మ ఆర్డరు" అంటాడు.

ఈ ఉత్తరం చదివే మీలో ఎవరికైనా రొమ్ములో అట్లా మండుతూ ఉండవచ్చు. దేవుణ్ణి అడగండి, తప్పక అడగండి, ఆయన వింటాడు. విని, మీ ఇంట్లోవాళ్ళ చేతికి చెప్పులిచ్చి పంపితే, తొడుక్కోండి! విశ్వసించడమంటే ఆయన ఏ దారిన వచ్చినా తలుపు తీయడమే అని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆయనను నమ్మినవాడు సిగ్గుపడడు. నేను సిగ్గుపడ్డది ఆయనను నమ్మినందుకు కాదు, ఆయనకు నా అబద్ధం అవసరమనుకున్నందుకు.

మార్త అడిగింది చేయడానికి నాకు ఇంకొక నెల పట్టింది. పాట ఎత్తే పని పోతుందనీ, నా సాక్ష్యం విన్నవాళ్ళు దేవుణ్ణే శంకిస్తారనీ భయం. రాజమల్లు ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి ఆదివారం ఇక నిలవలేక, అయ్యగారి అనుమతి అడిగి ముందుకు పోయాను. ఇప్పుడు మీకు రాసినదంతా చెప్పాను, తంబాకు సంగతితో సహా. దావీదు తాత లేచి నిలబడ్డాడు, నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన అంగీ జేబులోంచి ఒక బిళ్ళల పొట్లం తీసి అందరికీ చూపించి, "నేను గూడ నడుము నొప్పికి ఏసుకుంటున్న, నాలుగేండ్ల సంది" అని కూర్చున్నాడు. నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేను నవ్వలేదు. ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో మార్త కూర్చొని ఉంది, ఆమె కూడా నవ్వలేదు, నా నోటివైపే చూస్తున్నది. నిజం చెప్పడం అయింది గాని, చెప్పవలసింది ఇంకా ఉందని అప్పుడు తెలిసింది. నడుచుకుంటూ ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. అందరూ వినేటట్టు ఇట్లా అన్నాను.

"మార్తమ్మా, నీ ప్రార్థన దేవుడు మొదటి రోజే విన్నడు. జవాబు నా దగ్గరికి పంపిండు, నేను ఆరు నెలలు దాచిపెట్టిన. నీ విశ్వాసంల ఏ తక్కువ లేదు, నువ్వు చేసిన ఏ పాపం అడ్డం రాలే. అడ్డమున్నది నేను. నన్ను క్షమించు."